పుచ్చకాయల సీజన్లో రెండో తరగతి

మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ పూర్తి కానిచ్చేవాళ్ళం కాదు. అది అమర్యాద అని మాకు తెలియదు, ప్రేమ అనుకునేవాళ్ళం. "నాకు కొంచెం..." అని నాన్న అంటే "టీయేగా, పెడుతున్నా" అని వంటింట్లోంచి అమ్మ అనేది. "రేపు నేను..." అని నేను మొదలుపెడితే "చీర ఇస్త్రీకివ్వాలి, అంతేగా" అని నాన్న ముగించేవాడు. తప్పుగా ముగించినా ఎవరం దిద్దేవాళ్ళం కాదు. దిద్దాలంటే మళ్ళీ నోరు తెరవాలి, తెరిస్తే మళ్ళీ ఎవరో ఒకరు అందుకుంటారు. అలా మా ఇంట్లో సగం నిర్ణయాలు ఎవరూ అనని మాటల మీద జరిగిపోయాయి. నా పెళ్ళి కూడా అలాగే కుదిరిందని నా అనుమానం. "అబ్బాయి బాగానే ఉన్నాడు కానీ..." అన్నాను నేను. ఆ 'కానీ' తర్వాత ఏముందో ఈ రోజుకీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు నాకే గుర్తులేదు.

నాన్న పుచ్చకాయల వేలం వేసేవాడు. హోల్‌సేల్ మార్కెట్లో షావుకారు కొట్టు ముందు లారీ సరుకు గుట్టగా పోస్తే, పక్కన ఒక పెట్టె బోర్లించి దానిమీద నిలబడేవాడు. ఆయనకి మైకు అక్కర్లేదు కాబట్టి మార్కెట్లో ఆయన పేరే మైకు. వేలమంటే ధర చెప్పడం ఒక్కటే కాదు. బేరగాళ్ళు కాయని తిడతారు, పండించిన వాణ్ణి తిడతారు, వేలం వేసేవాణ్ణి మరీ తిడతారు. ప్రతి తిట్టుకీ జవాబు చెప్పాలి, నవ్వించాలి, వాళ్ళు నవ్వే సందులో ధర ఒక మెట్టు పైకి తోసెయ్యాలి. "ఏరా మైకూ, ఇవి పుచ్చకాయలా, నిమ్మకాయలా?" అని కందిరీగ అరిచేవాడు. కందిరీగ అంటే మార్కెట్లో అందరికన్నా పాత బేరగాడు, అందరికన్నా పాడు నోరు. "నీ గుండెకాయ పక్కన పెడితే గుమ్మడికాయలేరా, పెంచు!" అనేవాడు నాన్న. గుట్ట చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లుమనేవాళ్ళు. ధర పెరిగేది. వీళ్ళిద్దరూ ఇలా తిట్టుకోవడం నా పుట్టుక కంటే ముందు మొదలైంది.

ఆ ఏడు సీజన్ మొదలైన కొత్తలోనే, పెట్టె మీద, వేలంపాట మధ్యలో నాన్న మాట ఆగిపోయింది. "రెండోసారి" అన్నాడట. మూడోసారి రాలేదు. కాయ తనదైందో లేదో తెలియక కొన్నవాడు కాసేపు అలాగే నిలబడ్డాడట. తర్వాత షావుకారే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

పక్షవాతమన్నారు. చెయ్యీ కాలూ త్వరగానే దారికొచ్చాయి. మాట రాలేదు.

"మాటలన్నీ లోపల ఉన్నాయి, బయటికొచ్చే దారే దెబ్బతింది. రోజూ కూర్చుని మాట్లాడించాలి. ఓపిగ్గా," అన్నాడు డాక్టరు. ఆ చివరి మాట అంటూ మా అమ్మ వైపు చూశాడు. ఆమె పరిచయమై పట్టుమని పావుగంట కూడా కాలేదు, కానీ ఆ కాసేపట్లో ఆయన వాక్యాలు నాలుగైదు తనే పూర్తి చేసి పెట్టింది.

నాన్నకి మిగిలింది ఒకే మాట. 'అదే'. దాహమేస్తే అదే, ఫ్యానెయ్యమంటే అదే, కోపమొచ్చినా అదే. తర్జుమా అమ్మది. "అదే అని సాగదీస్తే మంచినీళ్ళు. అదే అదే అని రెండుసార్లంటే కిటికీ వెయ్యమని," అని చూడడానికి వచ్చినవాళ్ళకి వివరించేది. పరామర్శకి వచ్చినవాళ్ళు నాన్న చెవి దగ్గర గట్టిగా అరిచేవాళ్ళు. "చెవులు బాగానే ఉన్నాయండీ, పోయింది మాట," అని నేను చెబితే, "అయ్యో, అలాగా పాపం!" అని ఇంకా గట్టిగా అరిచేవాళ్ళు. అందరూ అరటిపళ్ళు తెచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ పళ్ళు వెళ్ళేవాళ్ళకి ఇచ్చి పంపుతుంటే, ఒకరోజు పక్కింటి పిన్ని తెచ్చిన గెల నాలుగిళ్ళు తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చింది.

నేను స్కూల్లో రెండో తరగతి చెబుతాను. సెలవులకి ముందు మా పెద్ద టీచరు ఒక్కొక్కరికీ ఒక టాబ్లెట్ చేతిలో పెట్టింది. దానిలో ఏఐ టీచరు ఉంటుంది. పిల్లలతో మాట్లాడి భాష నేర్పుతుంది, ఎవరికి ఏది రావడంలేదో కనిపెట్టి అదే మళ్ళీ చెప్పిస్తుంది, విసుక్కోదు. "సెలవుల్లో వాడి చూసి ఎలా ఉందో చెప్పండి. ఇంట్లో ఊరికే కూర్చునే బదులు," అంది ఆవిడ. ఊరికే కూర్చునే ఆడది ఎక్కడుంటుందో నాకూ చూడాలని ఉంటుంది.

ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ ఉంది గానీ, ఆవిడ ముందు పెద్ద వరుస ఉంది. మా వంతు అప్పుడప్పుడూ వచ్చేది. మిగతా రోజులకి దీన్ని వాడదామన్న ఆలోచన మా ఆయనది. మా ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు, ఫోనులో వీడియోలు చూస్తాడు, కాబట్టి వైద్యంతో సహా అన్నీ తెలుసు. అమ్మా వాళ్ళింట్లో మంచం అంచున కూర్చుని టాబ్లెట్లో నాన్న వివరాలు నింపడం మొదలుపెట్టాడు.

"వయసు పన్నెండు దాటి ఒప్పుకోవడం లేదే."

"అయితే ఎనిమిది పెట్టండి," అన్నాను.

"ఎనిమిదైతే రెండో తరగతి. పోన్లే, నీ క్లాసే. ముద్దుపేరు కూడా అడుగుతోంది. ఏం పెట్టను?"

"నాన్నా, మీకు చిన్నప్పుడు..."

"చిట్టి అనేవారట మా అత్తగారు," అని అమ్మ అందుకుంది.

మా ఆయన చిట్టి అని పెట్టి, ఇష్టమైన జంతువు దగ్గర కుందేలు నొక్కేశాడు.

"హాయ్ చిట్టీ!" అంది మిషను, తేనె రాసుకున్న గొంతుతో. "ఈరోజు మనిద్దరం బోలెడు కబుర్లు చెప్పుకుందామా?"

నాన్న టాబ్లెట్ని చూశాడు. తర్వాత అల్లుణ్ణి చూశాడు. ఆ క్షణంలో నోట మాటుంటే మా ఆయన ఆ వీధి వదిలి పోవాల్సి వచ్చేది.

"అదే," అన్నాడు.

"భలే చెప్పావ్ చిట్టీ!" అంది మిషను. తెర మీద కుందేలు గంతులేసింది.

నాలుగు రోజులు నాన్న దాని మొహం చూడలేదు. ఐదో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మిషను అడుగుతోంది. "ఇది ఏమిటి చిట్టీ?" నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, మా ఇంట్లో అలాంటిది నేనెప్పుడూ వినలేదు. మనుషులెవరికైనా ఆ ఖాళీలో నోరు దురద పెట్టేది. దానికి పెట్టలేదు. ఓపికనేది దాని గొప్పతనం అని నేననను. పొయ్యి మీద పాలు పెట్టి రాలేదు కదా అది. అయినా, ఆగింది. చాలాసేపటికి లోపల్నుంచి వినిపించింది.

"బం... బంతి."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "భలే భలే!" అని కుందేలు గంతులేసింది. ఒక్కోసారి గంతులెయ్యాల్సిన చోట కుందేలే ఉంటుంది, మనం ఉండం.

ఆ తర్వాత నాన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బుద్ధిగా కూర్చునేవాడు. ఏనుగు వచ్చింది, గొడుగు వచ్చింది, రైలు వచ్చింది. ఒకరోజు తెర మీద పుచ్చకాయ బొమ్మ వచ్చింది. "ఇది ఏమిటి చిట్టీ?" నాన్న కళ్ళజోడు సర్దుకుని బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెదాలు కూడదీసుకున్నాడు.

"పచ్చిది," అన్నాడు.

"మళ్ళీ ప్రయత్నిద్దామా? ఇది... పుచ్చకాయ!"

"పచ్చిది," అన్నాడు నాన్న, ఇంకా గట్టిగా. ఎంత అడిగినా అంతే. ఆ రోజు కుందేలు గంతెయ్యలేదు. ఆయన లక్ష్యపెట్టలేదు.

అంకెలు మాత్రం ఏడిపించాయి. ఒకటి నుంచి వరసగా పాటలా చెప్పమంటే పోయేవాడు. మధ్యలో ఒక అంకె పట్టుకుని ఇది చెప్పమంటే మళ్ళీ ఒకటి నుంచి మెట్లెక్కి రావాల్సిందే. ధరలతో బంతాట ఆడిన మనిషి, పద్దెనిమిది అనడానికి పదిహేడు అంకెలు పెదాల కింద నలుపుకుంటూ వచ్చేవాడు.

అమ్మ ఇదంతా వంటింటి గుమ్మంలోంచి చూసేది. చూస్తూ ఉండలేకపోయేది. మిషను గొడుగు చూపించి అడగ్గానే నాన్న నోరు తెరిచేవాడు, "గొ... గొ..." అనేవాడు, "గొడుగండీ! గొడుగు!" అని అమ్మ గుమ్మంలోంచి అరిచేది. "భలే చెప్పావ్ చిట్టీ!" అనేది మిషను. అలా అమ్మకి బోలెడు మెచ్చుకోళ్ళు వచ్చాయి.

ఒక సాయంత్రం తెర మీద పెద్దవాళ్ళకి సూచన అని వచ్చింది. మా ఆయన చదివి వినిపించాడు. "బిడ్డ మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం బిడ్డది."

"అంటే నన్ను నోరు మూసుకోమనేగా?" అంది అమ్మ.

"అలా అనలేదత్తయ్యా, అదేమందంటే..."

"అర్థమైంది బాబూ. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకేం కావాలో నాకు తెలీదు, ఈ పలకకి తెలుసు. అంతేగా!"

నాన్న చెయ్యెత్తాడు. ముగ్గురం ఆగాం. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. అమ్మ పెదాలు ఏదో అందించడానికి కదిలాయి.

"నువ్వు... మాట్లాడకు."

మాట పడిపోయాక ఆయన అమ్మతో అన్న మొదటి పూర్తి మాట అది. అమ్మ లోపలికెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ వెంటనే చెంగుతో మొహం తుడుచుకుని పక్కింటి గోడ దగ్గరికి పరుగెత్తింది. "పిన్నీ! ఆయన మాట్లాడారు! నాతోనే!"

"ఏమన్నాడే?" అంది పిన్ని.

"ఏదో మాదిలే, ఇంటి మాట," అంది అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మ పది లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మనసులో లెక్కపెట్టడం చేతకాలేదు, కాబట్టి చెంగు కింద వేళ్ళు మడిచేది. నాన్న మాట వెతుక్కుంటుంటే, ఆమె మొహం తుమ్మాపుకుంటున్న మనిషిలా అయ్యేది. ఒక్కోసారి పది అయిపోయేది, ఆయన మాట రాకపోయేది. అప్పుడు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేది. వయసు మళ్ళిన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు మాట కోసం, ఒకరు మాట రాకుండా ఉండడం కోసం, చెమటలు కక్కేవాళ్ళు.

ఎండలు ముదిరాక షావుకారు చూడ్డానికి వచ్చాడు. అరటిపళ్ళు తేలేదు, పుచ్చకాయ తెచ్చాడు. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో కొట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. "నీ జన్మలో నేను తెచ్చింది బాగుందన్నావా మైకూ," అన్నాడు షావుకారు నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇప్పుడు పక్కూరి నుంచి ఒకాయన వచ్చి వేలం వేస్తున్నాడు. వేస్తాడు, బానే ఉంది. వచ్చే ఏడుకి ఖాయం చెయ్యమని అడుగుతున్నాడు. నేనింకా ఏం చెప్పలేదు. వానలు పడేలోగా నువ్వొచ్చి ఒక్క గుట్ట పాడితే, ఆ పెట్టె నీదే. ఇంకెవడూ ఎక్కడు. ఏమంటావ్?"

షావుకారుకి ఆగడం రాదు. "తొందరేం లేదులే, ఆలోచించుకో, నేను మళ్ళీ..." అంటుండగానే నాన్న అన్నాడు.

"వస్తా."

వెతుక్కోకుండా వచ్చిన మాట ఆ వేసవిలో అదొక్కటే.

ఇక ఇల్లంతా వేలంపాటే. మా ఆయన మిషనుతో మాట్లాడి దాన్ని బేరగాడిగా మార్చాడు. "నువ్విప్పుడు పుచ్చకాయలు కొనేవాడివి. చిట్టి అమ్ముతాడు. గట్టిగా బేరమాడాలి, అర్థమైందా?"

"అర్థమైంది!" అంది మిషను. "నమస్కారం చిట్టీ! నీ పుచ్చకాయలు ఎంత అందంగా ఉన్నాయో! ధర ఎంత?"

"పద... పది... హేను."

"పదిహేను! చాలా న్యాయమైన ధర. నేను సంతోషంగా తీసుకుంటాను!"

నాన్న నా వైపు చూశాడు. నోరు వంకరగా కదిలింది. నేను భయపడ్డాను, మళ్ళీ ఏదైనా వచ్చిందేమోనని. నవ్వు. పొట్ట ఊగేలా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. "తిట్టు," అన్నాడు దాంతో. "తిట్టు... కాయని."

"అయ్యో చిట్టీ, మనం ఎవరినీ తిట్టకూడదు కదా! మంచి మాటలే మాట్లాడదాం," అంది మిషను.

"నేను తిడతానుండండి మావయ్యా," అని మా ఆయన లేచాడు. లేచాడు గానీ ఆయనకి రాలేదు. "ఈ కాయలు... అంత సంతృప్తికరంగా లేవు," అన్నాడు. ఇన్సూరెన్స్ ఆఫీసు.

సీజన్ చివరికొచ్చింది. ఒక సాయంత్రం మబ్బులు పట్టి నాలుగు చినుకులు కూడా రాలాయి. మర్నాడే వెళ్దామని నాన్న క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించాడు. అమ్మ చొక్కా ఇస్త్రీ చేసింది. చీకటుండగానే లేచి, నాన్నా అమ్మా నేనూ ఆటోలో మార్కెట్‌కి వెళ్ళాం. దారంతా నాన్న పెదాలు కదులుతూనే ఉన్నాయి, అంకెలు మెట్లెక్కుతున్నాయి. అమ్మ నా చెవిలో గుసగుసగా అంది.

"నేను మొన్న మార్కెట్‌కి వచ్చి వెళ్ళానులే."

"ఎందుకు?"

"అందరికీ చెప్పా. ఆ కందిరీగ కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. ఆయన మాట్లాడేప్పుడు ఎవరూ మధ్యలో అరవకండి, పది లెక్కపెట్టండి, కసిరితే మాట మళ్ళీ లోపలికి పోతుంది అని. పాపం, అందరూ సరేనన్నారు. మంచోళ్ళే, మీ నాన్న ఊరికే అంటారు గానీ."

ఆటో మార్కెట్ గేటు దాటింది.

ఎప్పటిలాగే మార్కెట్ అంతా గోలగోలగా ఉంది. టమోటాల వైపు అరుపులు, ఉల్లిపాయల వైపు అరుపులు, హమాలీలు పక్కకి జరగమని కేకలు. షావుకారు కొట్టు ముందు మాత్రం ఆసుపత్రి వరండాలా ఉంది. బేరగాళ్ళంతా గుట్ట చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరో బీడీ కూడా ఆర్పేశారు. నాన్న గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడక్కడ కాయల్ని వేలితో కొట్టి చూశాడు. ఒక కాయ దగ్గర ఆగి మళ్ళీ కొట్టాడు. తర్వాత షావుకారు చెయ్యి పట్టుకుని పెట్టె ఎక్కాడు.

"కాయ," అన్నాడు. గొంతు ముందున్నంత లేదు గానీ వినపడింది. "పుచ్చకాయ. పద... హేను."

ఎవరూ ఏమీ అనలేదు.

నాన్న ఆగాడు. మొదటి ధర చెప్పగానే కనీసం నలుగురు విరుచుకుపడాలి. ఆయన ఒక కాలు కొంచెం ముందుకేసి, తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. నా చిన్నప్పటి నుంచీ చూసిన నిలబడ్డమే అది. తిట్టు ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు తిరగడానికి సిద్ధంగా ఉండేది. ఆ రోజు ఏ వైపు నుంచీ రాలేదు. కండలు తిరిగిన అంతమంది మగాళ్ళు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నారు. ఒకాయనైతే వేళ్ళు మడుస్తున్నాడు.

నాన్న కందిరీగ వైపు తిరిగాడు.

"అను," అన్నాడు.

కందిరీగ గొంతు సవరించుకున్నాడు. అమ్మ వైపు ఒకసారి చూశాడు. అమ్మ దూరంగా టీ కొట్టు దగ్గర నిలబడి, దణ్ణం పెడుతున్నట్టు రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుంది.

"మీరు చెప్పండి మైకుగారూ," అన్నాడు కందిరీగ. "మీరు నిదానంగా చెప్పండి."

ఒరే అని తప్ప నాన్నని ఇంకోలా పిలిచి ఎరగడు ఆ మనిషి.

వెనకనుంచి ఒకాయన చెయ్యెత్తాడు. నా క్లాసులో పిల్లలు బయటికెళ్ళడానికి ఎత్తుతారే, అలాగే. "పదహారండీ," అన్నాడు. నాన్న ఆ అంకె అందుకుని, కూడదీసుకుని, మళ్ళీ చెప్పాడు. అందరూ ఆగారు. ఇంకో చెయ్యి లేచింది. "పద్దెనిమిదండీ." ఎవరూ కాయని తిట్టలేదు. ఎవరూ ఒక్క కాయైనా చేత్తో ముట్టుకోలేదు, కోసి చూపించమనలేదు. ధర అలా పెరుగుతూనే పోయింది. ఆ సీజన్లో అంత ధర ఏ గుట్టకీ పలకలేదని తర్వాత షావుకారే చెప్పాడు.

"ఒకటోసారి," అన్నాడు నాన్న. "రెండో... సారి."

అక్కడ ఆగిపోయాడు.

"మూడోసారి."

అందరూ చప్పట్లు కొట్టారు. మార్కెట్లో చప్పట్లు! కాయ అమ్మితే చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. టమోటాల వాళ్ళు కూడా ఏమైందోనని ఇటు తిరిగి చూశారు. టీ కొట్టు దగ్గర అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది, టీ కొట్టతనికి ఏదో చెబుతోంది.

నాన్న పెట్టె దిగాడు. చెయ్యి పట్టుకోబోయిన షావుకారుని వద్దన్నాడు. ఆయన ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ చెప్పాడు.

"ఈ కాయకి... అంత ధర లేదు. చేలోనే వాన తాగింది. వాళ్ళ డబ్బు... వాళ్ళకి ఇచ్చెయ్."

"పోనీలేరా మైకూ! వాళ్ళు సంతోషంగా పాడారు."

"అదే," అన్నాడు నాన్న.

షావుకారు తల దించుకున్నాడు.

నేను పక్కకి వస్తుంటే కందిరీగ ఎదురొచ్చాడు. "మీ అమ్మ అలా చెప్పిందమ్మా," అన్నాడు. "నాలుక చివరిదాకా వచ్చింది, ఇవేం కాయలురా, నీళ్ళ సంచులు అని. మింగేశా. ఏం, తప్పు చేశామా?"

"లేదండీ," అన్నాను. ఇంకేమంటాం.

ఇంటికొచ్చేసరికి వీధంతా తెలిసిపోయింది. అమ్మ గోడ దగ్గర నిలబడి పిన్నికి చెబుతోంది. "చీమ చిటుక్కుమంటే వినపడాలి, అంత నిశ్శబ్దం! ఒక్కడంటే ఒక్కడు అడ్డం రాలేదు. ముందైతే ఎలా మీద పడేవాళ్ళు రాక్షసుల్లాగా! ఇప్పుడు గారు అంటున్నారు పిన్నీ, గారు!" నాన్న లోపల కుర్చీలో కూర్చుని వింటున్నాడు. "అందరూ బాగా విన్నారు కదండీ?" అని అమ్మ లోపలికొచ్చి అడిగితే తలూపాడు. "బాగా... విన్నారు," అన్నాడు.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి మిఠాయి పొట్లంతో వచ్చాడు. స్కూలు తెరిచే రోజు దగ్గర పడిందని టాబ్లెట్ తీసి లెక్కలు చూశాడు. "మావయ్యా, మీరు రెండో తరగతి పాసు! మూడో తరగతికి సిద్ధం అంటోంది!" అని కుందేలుని చూపించాడు. దాని తలకి ఇప్పుడు ఒక టోపీ కూడా ఉంది. అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, అల్లుడు నొచ్చుకుంటాడని.

బయట చినుకులు గట్టిగానే మొదలయ్యాయి. అమ్మ తీగ మీది బట్టలు తెచ్చి మంచం మీద వేసి మడత పెడుతోంది. ఆరీ ఆరని తెల్ల చొక్కా తీసి విదిలించింది.

"ఇది ఇప్పుడే ఇస్త్రీ చేసేస్తా. ఇక ఆ పెట్టె మీదేగా, రేపు ఎన్నింటికి లేపమంటారు?"

నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు.

అమ్మ చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆగింది. చెంగు కింద వేళ్ళు మడవడం కూడా మానేసింది, అలవాటైపోయింది. ముందు లాంటి అమ్మయితే ఈపాటికి "ఈరోజులాగేగా, లేపుతాలే" అనేసేది. ఆయన కాదనేవాడు కాదు. కాదనడానికి ఓపిక లేక, పొద్దున్నే లేచి, ఆ చొక్కా వేసుకుని, వెళ్ళి ఆ పెట్టె ఎక్కేవాడు. ఆ నిశ్శబ్దంలో నిలబడేవాడు. అయినా సరే, ఆ ఒక్కసారికి అమ్మ మధ్యలో అందుకుంటే బాగుండునని నాకు అనిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా బుద్ధిగా లెక్కపెడుతున్నాడు.

ఎవరం అందుకోలేదు. చూరు మీంచి నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయనకి కావలసినంత సమయం ఇచ్చాం.

"ఇంక... నన్ను... లేపకు," అన్నాడు నాన్న.

అమ్మ కదల్లేదు. మాట అయిపోయిందని ఆమెకి తెలియలేదో, తెలిసే కూర్చుందో. చొక్కా ఒళ్ళో పెట్టుకుని, ఆయన పెదాల వంకే చూస్తూ, ఇంకా ఏదో వస్తుందన్నట్టు అలాగే ఉండిపోయింది.